మిట్ట ఎక్కేటప్పుడు

ఉదయగిరి,
14 అక్టోబరు

రాహేలక్కకు,

తమ్ముడు సాగర్ వందనాలు. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? ఫోనులో అడుగుదామంటే నీ చెవి మిషన్ కీచుమంటుంది, నువ్వు రెండుసార్లు "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తావు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

మీ మరదలు కడపలో కూతురి దగ్గరే ఉంది. షైనీ బిడ్డకు రెండో నెల వచ్చింది, వాడు పగలంతా నిద్రపోయి చీకటి పడ్డాక ఆటకు లేస్తాడట. క్రిస్మస్ దాకా రానని రమణి చెప్పేసింది. కాబట్టి వంట నాదే. పప్పులో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా తిట్టేవాళ్ళు లేరు, తినేవాడినీ నేనే.

ఒక సంగతి నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను. వేరేవాళ్ళ నోట వింటే నువ్వు విరుచుకుపడతావు. జనవరి రెండో ఆదివారం నెల్లూరులో మారథాన్ పెడుతున్నారు. ఊళ్ళో నుంచి మైపాడు సముద్రం దాకా పోయి, మళ్ళీ వెనక్కి రావాలి. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు. నేను పేరిచ్చాను.

అరవై రెండేళ్ళ వాడికి ఇదేం పిచ్చి అనుకుంటావు. సగం దూరం పందేలు రెండు పూర్తి చేశానని నీకు తెలుసు. మొదట్లో షుగరు తగ్గడానికి నడిచాను, తర్వాత కొండ కింది దాకా పరిగెత్తాను. ఇప్పుడు తెల్లారకముందే లేచి ఆత్మకూరు రోడ్డు పట్టుకుంటే గాని ఆ రోజు రోజులా ఉండదు. ఇంత దూరం ఎప్పుడూ పరిగెత్తలేదు. ఈ ఏడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఎడమ పక్క కింది దవడలో ఒక పన్ను పుచ్చి అప్పుడప్పుడు సలుపుతోంది, అంతే. సుమయాకు నా నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు
దయాసాగర్


ఆత్మకూరు,
21 అక్టోబరు

సాగరా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి రాలేదు.

పరిగెత్తవద్దని నేను ఏనాడూ అనలేదు. నీ షుగరు దిగింది, నడుము సన్నబడింది, అన్నీ చూస్తూనే ఉన్నాను. కానీ ఇరవై ఒకటి వేరు, నలభై రెండు వేరు. ముందు ఒకసారి గుండె పరీక్ష చేయించుకో. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, తీగలు పెట్టి చూస్తారు. నెల్లూరులో సగం పూట పని. తోడుగా నేనూ వస్తాను, బస్సులో కిటికీ పక్కన నువ్వే కూర్చో.

ఇంకో మాట. కండక్టరు మహబూబ్ సుభాని మొన్న బజారులో కనపడ్డాడు. నాకు వినపడాలని దగ్గరగా వచ్చి, "మీ తమ్ముడు మిట్ట దగ్గర రోడ్డు వార రాయి మీద కూర్చోనుండాడమ్మా, చెంప మీద చెయ్యి పెట్టుకోని. బస్సు ఆపినాము. వద్దు పొమ్మని చెయ్యి ఊపినాడు" అన్నాడు. నువ్వేమో ఏ ఇబ్బందీ లేదని రాశావు. పన్నే అయితే పీకించుకో. ఒంట్లో బాధ దాచుకోవడం మాత్రం నా దగ్గర వద్దు.

పక్కింటి సుమయా కాలేజీ పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, నీకు సలాం చెప్పింది. నా మోకాళ్ళు ఎట్లా ఉంటే ఏం, నేనేమీ మైపాడు దాకా పోవడం లేదు.

అక్క


ఉదయగిరి,
3 నవంబరు

అక్కకు,

పన్ను పీకించుకున్నాను. లోపలంతా పుచ్చి ఉంది, డాక్టరు చూపించాడు. సుభానికి నువ్వు చెప్పు, మనిషి రాయి మీద కూర్చుంటే అది వార్త కాదని. పన్ను పోటు పెట్టింది, కూర్చున్నాను, తగ్గింది, లేచాను. బస్సులో ఉన్నవాళ్ళంతా తలలు బయట పెట్టి చూస్తుంటే నాకు సిగ్గేసింది.

గుండె పరీక్షకు నేను రాను. నీ మీద కోపంతో అనడం లేదు. కారణం చెప్తాను, విను.

ముప్పై ఏళ్ళకు దగ్గరగా బస్సు తోలాను. ఒక్క మనిషికీ చిన్న గీరు కూడా పడనీయలేదు. సర్వీసు చివర్లో షుగరు పెరిగిందని పరీక్షకు పంపారు. ఆ గదిలో నేను ఉన్నంత సేపు డాక్టరు నా మొహం చూడలేదు, కాగితం చూశాడు. 'అన్‌ఫిట్' అని రాశాడు. మర్నాటి నుంచి నన్ను డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నేను నేర్పిన పిల్లలు బస్సులు తోలుకుంటూ నా ముందు నుంచి పోయేవాళ్ళు, "అన్నా, బాగుండావా" అని హారన్ కొట్టేవాళ్ళు. ఆ హారన్ వినపడితే నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు. రిటైరయ్యే దాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. రమణికి కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

ఆ మాటను నా ఒంటి మీద నుంచి కడుక్కున్నది ఈ రోడ్డు మీదే. మళ్ళీ ఇంకో గదిలోకి పోయి, ఇంకో కాగితం మీద అదే మాట రాయించుకుని రమ్మంటావా? పందెం అయిపోనీ. ఆ తర్వాత నువ్వు ఏ పరీక్షకు పొమ్మంటే ఆ పరీక్షకు పోతాను.

సాగర్


ఆత్మకూరు,
12 నవంబరు

సాగరా,

గేటు దగ్గర కుర్చీ సంగతి నాకు తెలియదు. పదవీ విరమణ రోజు నువ్వు దండ వేసుకుని నవ్వుతూ ఉన్న ఫోటో ఒకటి నా దగ్గరుంది. దాన్ని తీసి మళ్ళీ చూశాను. నవ్వు నోటి దగ్గరే ఉంది.

నేనూ నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తాను. నాయన కలువాయి పొలంలో పడిపోయినప్పుడు నువ్వు చిన్నవాడివి. వడదెబ్బ అన్నారు, అందరం అదే నమ్మాం. నేను నర్సు ట్రైనింగులో చేరాక, ఒకరోజు వార్డులోకి ఒక మనిషిని మోసుకొచ్చారు. చల్లటి చెమట, బూడిద రంగు మొహం, గుప్పిటతో రొమ్ము పట్టుకుని ఉన్నాడు. నాయనను పొలం నుంచి ఇంటికి తెచ్చినప్పుడు నేను చూసిన మొహమే అది. ఆ రోజు నాయన పోయింది ఎండ వల్ల కాదని నాకు అర్థమైంది. నాయనకు అప్పుడు యాభై కూడా నిండలేదు. అమ్మ బతికి ఉండగా చెప్పి ప్రయోజనం లేదనుకున్నాను, తర్వాత నీకు చెప్పడం పడలేదు.

బలవంతం చేయను. కానీ నేను అడిగిన వాటికి నిజం రాయి. మిట్ట ఎక్కేటప్పుడు రొమ్ము బరువుగా ఉంటుందా? ఎడమ చెయ్యి లాగుతుందా? చెమట చల్లగా పడుతుందా? పడుకుంటే ఆయాసం వస్తుందా? పన్ను పీకిన చోట మానిందా? ఒక్కటి కూడా వదిలేయకుండా రాయి.

అక్క


ఉదయగిరి,
2 డిసెంబరు

అక్కకు,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. పరుగు పెరిగే కొద్దీ ఇంటికొచ్చి అన్నం తింటే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి.

నాయన సంగతి చదివి చాలా సేపు బయట అరుగు మీద కూర్చున్నాను. కానీ నాయన చుట్ట మీద చుట్ట కాల్చేవాడు. నేను బీడీ ముట్టినవాణ్ణి కాదు. ఆయన ఒళ్ళు వేరు, నా ఒళ్ళు వేరు.

నువ్వు అడిగినవన్నీ రాస్తున్నాను. రొమ్ము బరువు లేదు. చెయ్యి లాగదు. చెమట మామూలు చెమటే. పడుకుంటే ఆయాసం లేదు, గురక ఉందని మీ మరదలు చెప్తుంది, అది ముందు నుంచీ ఉన్నదే. పన్ను పీకిన చోట చక్కగా మానింది. చిత్రమేమిటంటే పన్ను పోయినా పోటు పోలేదు. అదే దవడ, అదే చోటు. మిట్ట సగం ఎక్కగానే మొదలవుతుంది. నిలబడి నాలుగు సార్లు ఊపిరి పీల్చుకుంటే ఎవరో చేత్తో తీసేసినట్టు పోతుంది. చదును రోడ్డు మీద అసలు రాదు. నరం ఇంకా సర్దుకోలేదేమో, కొన్నాళ్ళు పడుతుందిలే అనుకున్నాను. అందుకే నేనూ దాన్ని పట్టించుకోవడం మానేశాను. మొదట్లో మిట్ట పైకి చేరాక వచ్చేది, ఇప్పుడు కొంచెం ముందే వస్తోంది, అంతే తేడా.

ఈ శనివారం చివరి పెద్ద పరుగు. ఆత్మకూరు రోడ్డు మీద ముప్పై పైన పరిగెత్తాలి. అది అయ్యాక పందెం దాకా తగ్గించుకుంటూ పోవడమే. ఈ ఒక్కటి గట్టెక్కితే నెల్లూరులో నాకు భయం లేదు. నా కోసం ప్రార్థన చెయ్యి.

సాగర్


ఆత్మకూరు,
4 డిసెంబరు, గురువారం

సాగరా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. శనివారం పరిగెత్తవద్దు. రేపు కూడా వద్దు.

అది పన్ను కాదు. లేని పన్ను నొప్పి పెట్టదు. మిట్ట ఎక్కితే వచ్చి, నిలబడితే పోయే నొప్పి గుండెది. కొందరికి రొమ్ములో రాదు, దవడలో వస్తుంది. నేను ఎంతమందిని చూశానో. ముందుకంటే తొందరగా వస్తోందంటే అది ముదురుతోందని అర్థం.

సుమయా చేత నీకు ఫోను చేయించాను, స్విచ్చాఫ్ వస్తోంది. పోస్టులో వేస్తే అందదు. సాయంత్రం బస్సుకు సుభాని చేతికిస్తున్నాను, నీ చేతిలోనే పెట్టమని చెప్పాను. అతను రాత్రికి ఉదయగిరిలోనే ఉంటాడు, పొద్దున మొదటి బస్సుకు తిరిగి వస్తాడు. 'సరే' అని ఒక్క ముక్క రాసి పంపు. ఇంకేమీ అక్కరలేదు.

అక్క


ఉదయగిరి,
5 డిసెంబరు, శుక్రవారం

అక్కకు,

సుభాని నీ ఉత్తరం నా చేతిలోనే పెట్టాడు. చదివే దాకా ఎదురుగా నిలబడ్డాడు కూడా. నువ్వు అడిగిన ముక్క నేను రాయలేను.

నువ్వు చెప్పింది నిజం కావచ్చు. కాకపోనూవచ్చు. రెండు వేళ్ళ మందం దవడ నొప్పిని పట్టుకుని ఇంత దూరం వచ్చినవాణ్ణి ఆపెయ్యమంటున్నావు. ఈ రోజు ఆపితే రేపు పరీక్ష, ఎల్లుండి కాగితం, ఆ తర్వాత కుర్చీ. ఆ దారి నాకు బాగా తెలుసు. ఆ కుర్చీలో ఉన్నప్పుడు నా గుండె బాగానే కొట్టుకుంది అక్కా. అది బతకడమని నేను అనుకోలేదు.

శనివారం పరిగెత్తుతాను. మిట్ట దగ్గర నడుస్తాను, అంతవరకు నీ మాట వింటాను. సోమవారం నువ్వు చెప్పిన పరీక్షకు వస్తాను. ఇది ఒట్టు. ఫోను కావాలనే కట్టేశాను. రమణి గొంతు వింటే మనసు మెత్తబడుతుందని భయం. ఆమెకు ఏమీ చెప్పవద్దు.

కోపం తెచ్చుకోకు.

సాగర్


నెల్లూరు,
12 డిసెంబరు

అక్కకు,

నర్సమ్మను అడిగి కాగితాలు తెప్పించుకున్నాను. మంచం మీద కూర్చుని రాయడం కష్టంగానే ఉంది. నువ్వు బట్టలు తెచ్చుకుంటానని ఆత్మకూరు పోయి మళ్ళీ రాలేదు. జలుబు చేసిందని, ఆస్పత్రికి జలుబుతో రాకూడదని సుమయా రమణికి చెప్పిందట. సరే, అది న్యాయమే. కానీ నువ్వు లేకపోతే ఈ గది పెద్దదిగా ఉంది.

శనివారం నాటి సంగతి నీకు తెలియనిది కాదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోడ్డు మీద నేను అన్న మాటలు నీకు వినపడలేదు. వినపడనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుని ఊరుకుందామనుకున్నాను. కానీ ఆపరేషనుకు ముందు కడుపులో పెట్టుకుని పోవడం నా వల్ల కాదు.

ఆ రోజు తెల్లవారుతుండగా మిట్ట దాటాను. మాట ఇచ్చినట్టు నడిచే ఎక్కాను, నొప్పి కొంచెం తగిలి పోయింది. అవతలి దిగుడులో పరుగు అందుకున్నాను. ఒళ్ళు గాలిలో తేలుతున్నట్టుంది. అప్పుడు ఎదురుగా ఆత్మకూరు బస్సు వచ్చి నన్ను దాటి, మిట్ట మొదట్లో ఆగింది. నువ్వు దిగావు. బస్సు పోయింది. చేతిసంచీ పట్టుకుని రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డావు.

నేను ఆగలేదు. వెనక్కి తిరిగి, అక్కడి నుంచే అరిచాను. "ఇంటికి పో అక్కా. అన్‌ఫిట్ అని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? డిపోవాళ్ళే మేలు, వాళ్ళు కాయితం మీద రాసి ఊరుకున్నారు. నువ్వు నడిరోడ్డులో నిలబెట్టి చెప్తా ఉండావు. నాకు అక్క లేదనుకుంటా పో" అన్నాను. నువ్వు నా వైపు నడవడం మొదలుపెట్టావు. నేను మళ్ళీ పరుగందుకున్నాను.

మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. నువ్వు ఇంకా నడుస్తూనే ఉన్నావు, చిన్నగా కనపడుతున్నావు, రోడ్డుకు సరిగ్గా మధ్యలో. నీ వెనక మిట్ట మీద నుంచి లారీ దిగుతోంది. లోడు లారీ. ఆ శబ్దం వింటే దాని బరువెంతో, బ్రేకు ఎంత దూరంలో పడుతుందో నాకు తెలుసు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. నువ్వు పక్కకు జరగలేదు. నీకు వినపడదు కదా అని గుర్తొచ్చేసరికి నా కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఏమని అరిచానో నాకే తెలియదు.

లారీ నిన్ను తప్పించి మట్టిలోకి దిగి, మళ్ళీ రోడ్డెక్కి పోయింది. దుమ్ము తగ్గేసరికి నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావు. ఎదురెక్కుడులో పరిగెత్తుకుంటూ నీ దగ్గరికి వచ్చేశాను. అప్పుడు వచ్చింది అక్కా. దవడలో మొదలై చెవి కిందికి, గొంతులోకి. నిలబడ్డాను, పోలేదు. కూర్చున్నాను, పోలేదు. నువ్వే లేచి, చేతులు దులుపుకుని, నా పక్కన కూలబడ్డావు. నేను "అక్కా, పన్ను" అన్నాను. నువ్వు సంచీలో నుంచి చిన్న మాత్ర తీసి, "నోరు తెరువు. నాలుక కింద పెట్టుకో. మింగబాక" అన్నావు.

రెండు నిమిషాలు పట్టిందో లేదో. నొప్పి కరిగిపోయింది. పన్నుకు అట్లాంటి మాత్ర ఉండదని నాకూ తెలుసు. నువ్వు నా మొహంలోకి చూస్తూ, "పోయిందా?" అని అడిగావు. తల ఊపాను. "అయితే పన్ను కాదు" అన్నావు. అంతే. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఆటో వచ్చే దాకా నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నావు.

ఇప్పటి సంగతి. గుండెకు పోయే నాళాలు మూడూ మూసుకుపోయి ఉన్నాయట. ఒకటి దాదాపు పూర్తిగా. తీగతో తెరిచే పని కాదు, రొమ్ము కోసి చేయాలంటున్నారు. మంగళవారం పెట్టారు. సంతకం ఇంకా చేయలేదు. రమణి ఏడుస్తోంది, షైనీ చంటిబిడ్డతో వచ్చి చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది. వాళ్ళకు చెప్పలేనిది నీకు చెప్తున్నాను. నాకు భయంగా ఉంది. ఆపరేషను చేస్తున్నంత సేపు గుండెను ఆపేస్తారట, తర్వాత మళ్ళీ నడిపిస్తారట. చలికాలం పొద్దున స్టార్టు కాని బండ్లను ఎన్నింటిని చూశానో. మాత్రలు వేసుకుని ఇంట్లో ఉంటే కొన్నాళ్ళు బతకవచ్చు కదా అనిపిస్తోంది. నువ్వు నర్సువు, నీకు నిజం తెలుసు. ఏం చెయ్యమంటావు?

సాగర్


ఆత్మకూరు,
14 డిసెంబరు

సాగరా,

అక్షరాలు సుమయావి, మాటలు నావి. నా కళ్ళద్దాలు పగిలాయి. మన సంఘ పెద్ద వరప్రసాదం రేపు పొద్దున నెల్లూరు వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. అందగానే చదువు.

ముందు నువ్వు అడిగిన దానికి సమాధానం. సంతకం చెయ్యి. మాత్రలు వేసుకుని ఇంట్లో ఉంటే కొన్నాళ్ళు బతుకుతావు, నిజమే. ఆ కొన్నాళ్ళూ బావి దగ్గరికి పోయి రావడానికి కూడా లెక్క చూసుకుంటూ బతుకుతావు. నువ్వు భయపడే కుర్చీ అదే. వాళ్ళు కోస్తామన్నది నిన్ను ఆ కుర్చీలో నుంచి లేపడానికి. గుండెను ఆపడం నేను కళ్ళతో చూశాను, మళ్ళీ కొట్టుకోవడమూ చూశాను. ఆపే ముందు అందరూ మాట్లాడుకుంటారు. మళ్ళీ మొదలయ్యే నిమిషంలో గదిలో ఒక్కరూ మాట్లాడరు. ఎన్నిసార్లు చేసినవాళ్ళైనా సరే. అంత శ్రద్ధగా చూసుకునే చేతుల్లో ఉంటావు. ప్రమాదం లేదని నీకు అబద్ధం చెప్పను. ఉంది. కానీ ఆ రోడ్డు మీద ఉన్నదాని కంటే తక్కువ.

రెండోది. నీ మాటలు నాకు వినపడలేదని రాశావు. ఆ రోజు బస్సు ఎక్కేటప్పుడు చెవిలో మిషన్ పెట్టుకున్నాను. నువ్వు అన్నవన్నీ విన్నాను. అక్క లేదనుకుంటానన్నది కూడా.

లారీ హారన్ కూడా విన్నాను.

పక్కకు జరగలేదు. నడిచి నిన్ను అందుకోలేను, అరిస్తే నువ్వు ఆగవు. నువ్వు వెనక్కి వచ్చేది ఒక్క దానికేనని అనిపించింది. డ్రైవరుగా నీ సంగతి నాకు తెలుసు, మనిషి అడ్డం ఉంటే నువ్వు చూస్తూ ఊరుకోలేవు. అది తెలివైన పని కాదు. ఆ లారీ అతను ఎవరో, పాపం, అతని గుండె ఎంత కొట్టుకుందో. అతని కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. ఇది రాస్తూ సుమయా పెన్ను ఆపి నన్ను గుడ్లురిమి చూస్తోంది. చూడనీ.

నాకంటే డిపోవాళ్ళే మేలన్నావు. వాళ్ళు నీ చేతిలో నుంచి స్టీరింగ్ తీసుకున్నది బస్సులో కూర్చున్నవాళ్ళ కోసం. నేను అడ్డం వచ్చింది నీ కోసం. రెండూ ఒకటి కావు. నువ్వు పనికిరావని నేను అనుకుని ఉంటే, తెల్లవారకముందే లేచి ఆ బస్సు ఎక్కే దాన్ని కాదు.

నాయన పక్కన ఆ రోజు పొలంలో ఎవరూ లేరు. నీ పక్కన నేనున్నాను. నాకు అది చాలు. ఇక నువ్వు బతికి ఇంటికి రా.

అక్క


ఉదయగిరి,
20 జనవరి

అక్కకు,

ఇది ఇంటికి వచ్చాక రాస్తున్న మొదటి ఉత్తరం. రొమ్ము మీద కుట్లు మానాయి. దగ్గితే మాత్రం దిండును గుండెలకు అదుముకోవాలి. రమణి పప్పులో ఉప్పే వేయడం లేదు, డాక్టరు చెప్పాడట. నేను వండినదే నయం అంటే గరిటె చూపించింది.

నువ్వు చెప్పినట్టే సంతకం చేశాను. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. లోపలికి తీసుకుపోయేటప్పుడు అది తీసేశారు. తెలివి వచ్చాక మొదట వినపడింది ఏదో మిషన్ శబ్దం, ఒకే తాళంలో కొట్టుకుంటోంది. అది నాదేనని తెలియడానికి చాలా సేపు పట్టింది.

పందెం రోజు ఎట్లా గడుస్తుందో అని రమణికి లోలోపల భయం. నేను పడుకునే ఉంటానని అనుకుంది. పొద్దున లేచి, బూట్లు తెచ్చిపెట్టమన్నాను. వంగకూడదు కదా, ఆమే కింద కూర్చుని తాళ్ళు కట్టింది. కట్టేటప్పుడు తల ఎత్తలేదు, ఏడుస్తోందని తెలిసింది. ఇద్దరం వీధి చివర టీ అంగడి దాకా నడిచి వచ్చాం. అంగడి రాజమోహన్ నన్ను చూసి, "ఏందన్నా, ఈ పొద్దు నెల్లూరు పోవల్సింది గదా?" అన్నాడు. నేను చొక్కా పై గుండీ తీసి కుట్లు చూపించాను. "పోయినట్టే. కొంచెం ముందే పోయి వచ్చినా" అన్నాను. అతను రెండు టీలు చక్కెర లేకుండా ఇచ్చాడు. అక్కా, ఆ బెంచీ మీద కూర్చున్నాను. చెక్క బెంచీ. గేటు దగ్గర కుర్చీ నాకు గుర్తు రాలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక గాని ఆ సంగతి తట్టలేదు.

నెల్లూరులో ఎవరు గెలిచారో అడగలేదు. అడగాలనిపించలేదని చెప్తే అబద్ధం. ఇంకో పది రోజులు పోనీ, అడుగుతాను.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నిన్న సుభాని చూడటానికి వచ్చాడు. మాటల్లో, "అమ్మ చేతికి కట్టు ఎప్పుడు ఇప్పుతారన్నా?" అని అడిగాడు. ఏ కట్టని అడిగాను. అతను నాలుక కరుచుకున్నాడు. వదలకుండా అడిగితే అంతా చెప్పాడు. ఆ రోజు రోడ్డు మీద పడినప్పుడు నీ కుడి మణికట్టు విరిగింది. విరిగిన చేత్తోనే ఆటో వచ్చే దాకా నా నాడి పట్టుకుని కూర్చున్నావు. నన్ను నెల్లూరులో చేర్పించి, ఆత్మకూరు పోయి కట్టు వేయించుకున్నావు. జలుబు లేదు, కళ్ళద్దాలు పగలలేదు. క్రిస్మస్‌కు సుమయా ఇంటి నుంచి అన్నం వస్తే తిన్నావు. ఒంట్లో బాధ దాచవద్దని నాకు రాసిన మనిషివి నువ్వు.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. రమణి నీళ్ళిచ్చి, గుండెకు మంచిది కాదు, కూర్చోమంది. కూర్చున్నాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను, నిజం రాయి. వేళ్ళు వాచాయా? కట్టు బిగుతుగా ఉందా? వేళ్ళ చివర తిమ్మిరి ఉందా? చెయ్యి మెడకు కట్టుకుని ఉంచుతున్నావా, లేక ఆ చేత్తోనే చీపురు పడుతున్నావా? ఒక్కటి కూడా వదిలేయకుండా సుమయా చేత రాయించు. ఆమె ముందు అబద్ధం చెప్పలేవు.

అయినా జవాబు వచ్చే దాకా ఆగను. డాక్టరు బస్సు ప్రయాణానికి ఒప్పుకున్నాడు, ముందు సీటులో కూర్చోమన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు నేనూ రమణీ వస్తున్నాం. నీ కట్టు ఇప్పే దాకా మీ ఇంట్లోనే ఉంటాం. వంట ఆమె చేస్తుంది, నీళ్ళు పట్టడం, కూరగాయలు తేవడం నా వంతు. రెండు కిలోల పైన బరువు ఎత్తకూడదన్నారు కాబట్టి నాలుగు వంకాయలు తెచ్చి పెడతాను, సర్దుకో.

రోజూ పొద్దున నేను నడవాలి. నీ మోకాళ్ళకూ నడక మంచిదే. ఇద్దరం కలిసి పోదాం, మెల్లగా, నువ్వు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా. ఒక్క షరతు. నువ్వు మట్టి వైపు నడవాలి, రోడ్డు వైపు నేను నడుస్తాను. హారన్ వినపడినా జరగని మనిషిని బండ్ల పక్కన వదలను.

నీ తమ్ముడు
దయాసాగర్